పదిహేను మేకలు, ఒక జాబితా

పులిజూదాన్ని ఫోనులోకి ఎక్కించాలని నేను సంకల్పించి ఎనిమిది నెలలు దాటింది. 3 పులులు, 15 మేకలు, గీతలు కలుసుకునే చోట్లు 23. ఒంటిచేత్తో ఆట తయారుచేయదలచిన మనిషికి ఇంతకంటే చిన్నది దొరకదని నమ్మాను. 2014 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగేలా ఉన్న గోడో ఇంజిన్ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది, పిల్లలు నిద్రపోయాక రోజూ గంటన్నర తీరికా ఉంది. లేనిదల్లా క్రమశిక్షణే కనుక, దానికోసం ఒక జాబితా రాసుకున్నాను.

1994లో డై క్లెగ్ రూపొందించిన మాస్కో పద్ధతిని అనుసరించాను. పనులన్నిటినీ తప్పనిసరి, చేయవలసినవి, వీలైతే చేయదగినవి, ఈసారికి వద్దనుకున్నవి అని నాలుగు గంపల్లో సర్దాలి. తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం మించరాదని ఆ పద్ధతి తెలిసినవారు హెచ్చరిస్తారు. నా 52 పనుల్లో 47 తప్పనిసరి గంపలోనే పడ్డాయి. చీకట్లో పులి కళ్ళు మెరవకపోతే అది పులి ఎలా అవుతుంది? ఆటను మధ్యలో ఆపి మర్నాడు అక్కడి నుంచే కొనసాగించే ఏర్పాటును మాత్రం, ఇది ఎవరికి కావాలిలే అని, నాలుగో గంపలోకి నెట్టేశాను.

ఆ తరువాత ప్రతి రాత్రీ మా అమ్మాయి స్కెచ్ పెన్నులతో ఎర్రవాటిని ఆకుపచ్చగా, ఆకుపచ్చవాటిని ఎర్రగా మార్చడంలో గంట గడిచేది. మిగిలిన అరగంటలో జాబితాను సాఫుగా తిరగరాసేవాణ్ణి. అలా తయారైన తొమ్మిదో ప్రతిని ఫ్రిజ్ తలుపుకు అంటించాను. దాని కింది సగాన్ని మా ఆవిడ గ్యాస్ రసీదుతో కప్పేసిందని నేను గమనించలేదు.

ఆ వారమే ఊరి నుంచి మామగారు వచ్చారు. మంచినీళ్ళ సీసా కోసం వెళ్ళిన మనిషి ఫ్రిజ్ ముందు చాలాసేపు నిలబడిపోయారు. పైకి కనిపిస్తున్నవి నాలుగే వాక్యాలు: "మేకలు 15, ఈ వారంలోనే. గడ్డి సంగతి తేల్చాలి. మేకల అరుపులు రాత్రిపూట తగ్గించాలి. ఉద్యోగం వల్ల సమయం చాలడం లేదు, ఆలోచించాలి." పులుల వివరమంతా రసీదు కింద ఉండిపోయింది.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆయన ఊళ్ళో ఒక మేకల కాపరితో బేరం ముగించి, వెయ్యి రూపాయలు బయానా కూడా పంపేశారు.

"అల్లుడుగారూ, ఉద్యోగం ఇప్పుడే మానకండి. ముందు పదింటితో మొదలుపెడదాం. అపార్టుమెంటులో ఎలా పెంచుతారన్నదే నాకు అర్థం కావడం లేదు," అన్నారు ఎంతో సానుభూతితో.

విషయం వివరించడానికి పావుగంట, బయానా వెనక్కి రప్పించడానికి మూడు ఫోన్లు పట్టాయి. అంతా విన్నాక ఆయన, "అయితే ఆట చూపించండి," అన్నారు. చూపించాను. తెర మీద పులి కళ్ళు అద్భుతంగా మెరిశాయి. ఆయన "ఆడండి" అన్న మీటను మూడుసార్లు నొక్కారు. ఏమీ జరగలేదు. ఆ మీట పనిచేయడం 31వ అంశమని నేను మనవి చేసుకున్నాను.

ఆయన మారుమాట లేకుండా మనవరాలి సుద్దముక్క తీసుకుని, హాలు నేల మీద ఒక శిఖరం నుంచి కిందికి నాలుగు గీతలు దించి, వాటికి అడ్డంగా ఒక దీర్ఘచతురస్రం, దాని నడుమ ఇంకో గీత వేశారు. వంటింట్లోంచి 15 చింతపిక్కలు వచ్చాయి. మూడు రూపాయి బిళ్ళలు పులులయ్యాయి. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మేకలన్నీ దిగేదాకా ఏ మేకనూ కదపరాదన్న నియమం నా జాబితాలో ఎక్కడా లేదని నాకు అప్పుడే తెలిసింది, నేను రెండో పిక్కను పక్కకు జరపబోతే ఆయన నా చేయి పట్టుకుని ఆపినప్పుడు.

మొదటి రెండు ఆటలూ ఓడిపోయాను. మూడో ఆటలో నాలుగు మేకలను పోగొట్టుకున్నా, రెండు బిళ్ళలను కదలకుండా బిగించాను. మూడో పులికి ఒక్కటే దారి మిగిలింది. సరిగ్గా అప్పుడు, పన్నెండు దాటిందని మా ఆవిడ దీపం ఆర్పేసింది. "పొద్దున్న ఇక్కడి నుంచే," అన్నారు మామగారు. గెలుపు ఖాయమైన మనిషికి పట్టే నిద్ర నాకు పట్టింది.

పనిమనిషి ఆరింటికే వచ్చి వెళ్ళింది. మూడు పులులూ ఫ్రిజ్ మీద ఒకదానిపై ఒకటి జాగ్రత్తగా పేర్చి ఉన్నాయి; చింతపిక్కల జాడ లేదు. వేపపుల్ల నములుతూ వచ్చిన మామగారు అద్దంలా మెరుస్తున్న నేలను, ఆ తరువాత నన్ను చూసి, "మన ఆట ఏదీ అల్లుడుగారూ?" అని అడిగారు.

ఆ ఏర్పాటు నాలుగో గంపలో ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.