థింసా ఎన్ని గంటలకు?

అరకులో ఒక రిసార్టు రిసెప్షన్ దగ్గర అతికించిన కాగితం నాకింకా గుర్తుంది. క్యాంప్‌ఫైర్ 7.30, థింసా 8.00, డిన్నర్ 8.30. థింసా అంటే అక్కడి గిరిజనులు గుంపుగా ఆడే నృత్యం. ఎనిమిదికి కాస్త ముందు జీపులోంచి పదిమంది ఆడవాళ్లు దిగారు, ఒకే రంగు చీరల్లో, కాళ్లకు అందెలతో. డప్పు మొదలైంది. వాళ్లు ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు పెనవేసుకుని తిరుగుతుంటే మనవాళ్లు మధ్యలో దూరి సెల్ఫీలు తీసుకున్నారు. బఫే మూతలు తీసిన చప్పుడు కాగానే ఆట ఆగిపోయింది.

ఇప్పుడు టూరిజంలో బాగా నడుస్తున్న సరుకు ఇదే. తెల్లవారుజామున పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి మేఘాల మీద సూర్యోదయం, మధ్యాహ్నం బొంగులో చికెన్, రాత్రికి గిరిజన నృత్యం. కొండ ఒక ఐటెమ్, సంస్కృతి ఇంకో ఐటెమ్. నిజానికి థింసాలో ఈ రెండూ వేరు కావు. బాగ్ థింసా అంటే పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో చూపే ఆట. పొటర్ తోలా ఆకులు ఏరుకునే పనిని చూపిస్తుంది. అడవిలో బతికినవాళ్ల అనుభవమే అడుగులుగా మారింది. దాన్ని అరగంటకు కుదించి, అడవి నుంచి విడదీసి మనకు చూపిస్తున్నారు.

నల్లమలలో సలేశ్వరం సంగతి వేరు. నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల ఉంటుంది. చైత్ర పౌర్ణమి సమయంలో కొద్ది రోజులే జాతర, కొద్ది రోజులే దారి. బండి దిగాక కొన్ని కిలోమీటర్లు రాళ్ల మీద నడుస్తూ లోయలోకి దిగితే, పైనుంచి పడే నీళ్ల పక్కన గుహలో లింగం. పూజారులు చెంచులు. ట్రెక్కింగ్ అనే మాట ఎన్నడూ వినని ముసలమ్మలు కర్ర పట్టుకుని 'వస్తున్నం వస్తున్నం లింగమయ్యా' అంటూ దిగుతారు. ఎప్పుడు వెళ్లాలో అక్కడ మనం తేల్చలేం, జాతర ఎప్పుడో అప్పుడే.

అలాగని అక్కడంతా బాగుందనీ కాదు. ఇరుకు దారిలో తోపులాట, ఎండకు సొమ్మసిల్లేవాళ్లు, పులులు తిరిగే చోట ప్లాస్టిక్ సీసాలు. అటవీ శాఖ ఆంక్షలు పెడితే భక్తులు తిట్టుకుంటారు గానీ, నాకు మాత్రం అవి సబబే అనిపిస్తుంది.

అరకులో అసలు పేచీ డ్యాన్స్ గురించి కాదు, భూమి గురించి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1/70 చట్టం (1970 నాటి మొదటి రెగ్యులేషన్) ఉంది. బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ రక్షణను ఇంకా గట్టిపరిచింది. 2025 మొదట్లో టూరిజం కోసం ఈ చట్టాన్ని సడలించాలన్న మాట రాగానే మన్యంలో బంద్ జరిగింది, చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రే చెప్పాల్సి వచ్చింది. పెట్టుబడి రావాలనేవాళ్ల వాదనలో కొంత నిజం లేకపోలేదు, ఏజెన్సీ కుర్రాళ్లకు పనులు కావాలి. కానీ రిసార్టు ఒకరిదీ, జీపులో వచ్చి ఆడి వెళ్లే కూలి ఇంకొకరిదీ అయితే రిసెప్షన్ దగ్గరి ఆ టైముల కాగితం ఎప్పటికీ మారదు. గిరిజనుల సొంత ఇళ్లలోనే హోమ్‌స్టేలు పెట్టుకోవడానికి అప్పులు, శిక్షణ ఇస్తే చట్టాన్ని ముట్టుకోవాల్సిన పనే లేదు.

మన్యం ఊళ్లు తమ కోసం థింసా ఆడుకునే కాలం ఒకటుంది. చైత్రంలో ఇటుకల పండుగ. మగవాళ్లు వేటకని అడవికి పోతారు, ఆడవాళ్లు ఊళ్లో ఆడతారు. అప్పటికి మంచూ ఉండదు, వంజంగి మేఘాలూ ఉండవు. మన సీజన్ అయిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. టూరిస్టు బండ్ల డ్రైవర్లు విసుక్కుంటూ జేబులో చిల్లర వెతుక్కుంటారు.