అన్నీ తెలిసిన ఆటో ఐడీ గారికి

రికార్డింగులోని కూతను బట్టి గబ్బిలం జాతి పేరు తమంతట తామే రాసే సాఫ్ట్‌వేరు, శ్రీశ్రీశ్రీ ఆటో ఐడీ గారి దివ్యసముఖానికి,

గబ్బిలాల సర్వే రికార్డింగులు తిరగేసి పేర్లు సరిచూసేవాళ్ళందరూ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మెమొరీ కార్డులు మాత్రం క్షేమం కాదు, నిన్న రాత్రంతా వాన పడింది. తమరికి వానైనా గబ్బిలమైనా ఒకటే కాబట్టి తమరు క్షేమమనే తలుస్తున్నాం.

కెలైడోస్కోప్ ప్రోలో మెనూగా, సోనోబ్యాట్‌లో మరో రూపంగా, బీటీఓ (బ్రిటన్ పక్షి పరిశోధన సంస్థ) వారి అకౌస్టిక్ పైప్‌లైన్ పేరిట ఎక్కడో సర్వర్ల మీద, బ్యాట్‌డిటెక్ట్2 అనే ఉచిత కోడ్‌గా తమరు ఎన్ని అవతారాలెత్తినా మహిమ ఒక్కటే. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది. తమరు 120 దాకా విని, విన్నదానికి పేరు పెట్టి, మూడు దశాంశ స్థానాల దాకా నమ్మకం కూడా చూపిస్తారు. బ్రిటన్‌లో పాత గడ్డివాము కొట్టం పడగొట్టాలన్నా, రోడ్డు వెడల్పు చేయాలన్నా ముందు గబ్బిలాల సంగతి తేల్చాలి. అక్కడ గబ్బిలాలన్నిటికీ చట్టం రక్షణ ఉంది, గూడు చెడగొడితే నేరం. ఆ తేల్చడమంతా చివరికి తమరి ఫలితాలు పట్టికగా వచ్చే సీఎస్‌వీ ఫైలులో తమరి పేరున్న నిలువు వరుస మీదకు వచ్చి కూర్చుంది. ఆ వరుసను అలాగే కాపీ చేసి నివేదికలో అతికించేవాళ్ళున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా తమరు వాన మీద చూపే ప్రేమ. రికార్డర్‌ను 16 కిలోహెర్ట్జ్ పైన శబ్దం వస్తే మేలుకునేలా, శబ్దం ఆగి మూడు సెకన్లయ్యాక ఫైలు మూసేలా, ఎంత సాగినా 15 సెకన్లు దాటకుండా పెట్టడం మామూలే. గబ్బిలాలకు ఇది చాలు. ఆకుల మీద చినుకు పడినా అల్ట్రాసౌండే (మనిషి చెవికి అందని శబ్దమే) కాబట్టి వానకూ ఇది చాలు. 384 కిలోహెర్ట్జ్ వేగంతో, అంటే శబ్దాన్ని సెకనుకు 3,84,000 సార్లు కొలుస్తూ, 16 బిట్లలో రికార్డు చేస్తే సెకనుకు 768 కిలోబైట్లు. వాన పది గంటలు వదలకపోతే 15 సెకన్ల ఫైళ్ళు 2,400, మొత్తం 27 గిగాబైట్లు దాటుతాయి. వాటిలో గబ్బిలం ఒక్కటీ ఉండకపోవచ్చు. అయినా తమరు కొన్ని చినుకులకు మయోటిస్ (గబ్బిలాల్లో ఒక ప్రజాతి) అని నామకరణం చేస్తారు. చినుకు టక్కుమంటే శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో నిలువు గీత పడుతుంది. మయోటిస్ గబ్బిలం కూతా దాదాపు నిలువు గీతే. గీతల మధ్య ఎడం సమానంగా ఉందా లేదా అని ఒక్కసారి చూస్తే తేలిపోయే విషయమిది. గబ్బిలం లయ తప్పదు, చినుక్కు లయే లేదు.

వాన ఒక్కటే కాదు. వేసవి చివర ఇంగ్లండు పొదల్లో ఒక చుక్కల కీచురాయి 40 కిలోహెర్ట్జ్ దగ్గర రాత్రంతా టిక్కుటిక్కుమంటుంది. సర్వే మనిషి జేబులో తాళంచెవులు గలగలమన్నా అల్ట్రాసౌండే. దగ్గర్లో చవకరకం పవర్ అడాప్టర్ ఉంటే ఒకే ఎత్తులో అడ్డగీత సాగుతుంది. తమరి అవతారాల్లో బీటీఓ వారిది ఒక్కటే కీచురాళ్ళను కూడా గుర్తించడం నేర్చుకుంది. మిగతావాటికి ఈ లోకంలో రెండే జాతులు: గబ్బిలాలు, నాయిస్.

ఇక తమరి అసలు గుణం. తమరు అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య. సంచిలో పది జాతకాలుంటాయి, ఎదురుగా ఎవరు కూర్చున్నా ఆ పదిలో ఒకటి కుదిరి తీరాలి. సంచిలో లేని జాతి ఎదురైతే ‘ఈ సంబంధం నా దగ్గర లేదు’ అనే అలవాటు తమరికి తక్కువ. ‘నో ఐడీ’ అని ఒక గడి ఉన్నా దాన్ని చివరిదాకా దాచుకుంటారు. కెలైడోస్కోప్ అవతారంలో తమరి కుదుర్పు లెక్క పేరు మ్యాచ్ రేషియో. ఫైలులో కూతలు ఎన్ని, వాటిలో చెప్పిన పేరుకు సరిపడినవి ఎన్ని అన్న భాగాహారం. మూడు కూతలున్న ఫైలులో మూడూ కుదిరితే 1.000. అరవై కూతల్లో నలభై కుదిరితే 0.667. నివేదిక రాసేవాడు మొదటిదాన్ని చూసి మురిసిపోతాడు, రెండోదాన్ని చూసి అనుమానపడతాడు. విలువ చూస్తే రెండోదే గట్టిది, మూడు కూతలతో ఏ గబ్బిలమూ తన సంగతి పూర్తిగా చెప్పుకోదు. రేషియో గడి పక్కనే కూతల సంఖ్య చూపే పల్సెస్ గడి పెట్టి వరస మార్చి చూడమని తమరి ప్యాకేజీలో ఎర్ర అక్షరాల్లో రాయవచ్చు కదా!

అదే అవతారంలో సెన్సిటివ్, బ్యాలెన్స్‌డ్, ఆక్యురేట్ అని మూడు మీటలు కూడా ఇచ్చారు. ఒకే రాత్రి ఫైళ్ళను మూడింటి మీదా నడిపితే మూడు రకాల జాతుల జాబితా వస్తుంది. వర్షన్ మారినా మారుతుంది. కాబట్టి ఏ వర్షన్, ఏ మీట, ఏ ప్రాంతపు జాబితా, అందులో ఏ జాతులకు టిక్కు పెట్టారు అన్నవి రాయని నివేదికను రెండోసారి చేసి చూడటం ఎవరి వల్లా కాదు. టిక్కుల సంగతి మరీ ముఖ్యం. ఆ దేశంలో లేని జాతికి టిక్కు ఉంచితే తమరు దాన్ని తప్పకుండా కనిపెడతారు. టిక్కు తీసేస్తే కనిపెట్టరు, నిజంగా వచ్చినా సరే.

పేర్ల దగ్గరికి వద్దాం. కామన్ పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలం కూత 45 కిలోహెర్ట్జ్ దగ్గర, సొప్రానో పిపిస్ట్రెల్‌ది 55 దగ్గర బలంగా ఉంటుంది. ఈ రెంటినీ తమరు బాగానే పట్టుకుంటారు, అది ఒప్పుకోవాలి. కానీ 50 దగ్గర కూసే గబ్బిలానికి ఏ జాతి పేరూ పెట్టకుండా ఉత్త పిపిస్ట్రెల్ అని ఊరుకోవడమే మర్యాద. తమరు ఊరుకోరు. బయలులో ఎగిరే కామన్ పిపిస్ట్రెల్ గొంతు 41, 42 దాకా దిగితే నాథూసియస్ అనే అరుదైన చుట్టం వచ్చిందని చాటింపు వేస్తారు. శరదృతువులో అదే పిపిస్ట్రెల్ జతకోసం 20 కిలోహెర్ట్జ్ దగ్గర పలికే సోషల్ కూతలు విని నాక్ట్యూల్ అనే వేరే జాతి అంటారు. గూటి నుంచి అప్పుడే బయటపడ్డ పిపిస్ట్రెల్ గోడ పక్కనే పొట్టిపొట్టిగా, నిటారుగా కూస్తే దానికి మయోటిస్ హోదా ఇస్తారు. ఇందులో గబ్బిలం తప్పేం లేదు. ఎదురుగా గోడో కొమ్మో ఉన్నప్పుడు దానికి దగ్గరి ప్రతిధ్వని త్వరగా కావాలి, అందుకని కూతను కుదించి వెడల్పు చేస్తుంది. అంటే ఒకే గబ్బిలం తానున్న చోటును బట్టి గొంతు మారుస్తుంది. తమరికి చోటు కనబడదు.

నాక్ట్యూల్ బయలులో రెండు స్వరాలు మార్చిమార్చి పలుకుతుంది, ఒకటి 20 కిందకు, ఒకటి కాస్త పైకి. ఆ జంట కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. చెట్ల దగ్గరకు వచ్చిందా, లైస్లర్స్, సెరొటీన్ అనే జాతుల కూతల్లో కలిసిపోతుంది. తెలిసినవాళ్ళు అప్పుడు మూడింటినీ ఒక గుంపుగా రాసి వదిలేస్తారు. మయోటిస్‌ల సంగతి సరేసరి. విస్కర్డ్, బ్రాండ్స్ అనే రెంటినీ కూత విని వేరు చేయడం కుదరదని పుస్తకం పట్టినవాళ్ళందరూ ఒప్పుకున్న మాట. తమరు మాత్రం ఒకదాన్ని ఎంచి 0.8 అని రాస్తారు. యూరప్ పరిశోధకులు 2016, 2017 సంవత్సరాల్లోనే తమరిని నేరుగా నమ్మవద్దని రాసి ప్రచురించారు. తమరు చదివి ఉండరు, సీఎస్‌వీ కాదు కదా.

కొన్ని అవతారాల్లో ఒక ఫైలుకు ఒకే పేరు అన్న తమరి నియమం మరీ అన్యాయం. 15 సెకన్లలో పిపిస్ట్రెల్ ఇరవైసార్లు కూసి, మధ్యలో పొడవు చెవుల గబ్బిలం నాలుగుసార్లు గుసగుసలాడితే ఆ రెండోది చరిత్రలో ఉండదు. దాని గొంతే నెమ్మది, కొన్ని మీటర్లు దాటితే మైకుకు అందదు. అందినప్పుడైనా గెంటేయకండి. ఫైళ్ళను 5 సెకన్ల ముక్కలు చేస్తే ఈ బాధ కొంత తగ్గుతుంది. అయితే అక్కడ ఇంకో తిరకాసు: ఒక్క గబ్బిలం దీపస్తంభం చుట్టూ నిమిషంపాటు చక్కర్లు కొడితే 15 సెకన్ల లెక్కన నాలుగు ఫైళ్ళు, 5 సెకన్ల లెక్కన పన్నెండు. నివేదికలో అవి ‘పన్నెండు గబ్బిలాలు’ అయి కూర్చోవడం అరుదేమీ కాదు. ఫైళ్ళ సంఖ్య సందడిని చెబుతుంది, తలలను లెక్కపెట్టదు. ముక్క పొడవు వేరైన రెండు సర్వేలను పక్కపక్కన పెట్టి ‘గబ్బిలాలు మూడింతలు పెరిగాయి’ అని రాస్తే, పెరిగింది కత్తెర పని మాత్రమే.

గడియారం తప్పు తమరిది కాదు కానీ తమరు దాన్ని ఎంత భక్తిగా మోస్తారో చెప్పుకోవాలి. రికార్డర్‌ను జీఎంటీలో ఉంచి, సూర్యాస్తమయాన్ని బ్రిటిష్ వేసవి కాలమానంలో తీసుకుంటే గంట తేడా. జూన్‌లో లండన్‌లో సూర్యాస్తమయం రాత్రి 9:20 ప్రాంతంలో. పిపిస్ట్రెల్ ఇరవై నిమిషాల తరవాత 9:40కి వస్తే ఫైలు మీద 8:40 అని పడుతుంది. ఇంకా ఎండ ఉండగానే గబ్బిలం తిరిగిందంటే గూడు ఇక్కడే ఉండాలి అని, లేని గూడు ఒకటి పట్టికలో పుడుతుంది. అర్ధరాత్రి దాటాక తేదీ మారడం వల్ల ఒకే రాత్రి రెండుగా చీలే బెడద కూడా ఉంది. కెలైడోస్కోప్ అవతారంలో దీనికి మందుగా డేట్-12 అని ఒక గడి పెట్టారు. సమయాన్ని పన్నెండు గంటలు వెనక్కి జరిపి రాత్రినంతా ఒకే తేదీ కింద కడుతుంది. మంచి ఏర్పాటు. దాన్ని వాడేవాళ్ళు తక్కువ, అది ఏదో పాడైన గడి అనుకుని తీసేసేవాళ్ళు ఎక్కువ.

మా వైపు కూడా ఒకసారి దయచేస్తారని విన్నాం. రండి, కానీ యూరప్ జాబితా సంచి అక్కడే దించి రండి. దక్కనులో ఆకుముక్కు గబ్బిలాలున్నాయి, వాటిలో కొన్ని 150 కిలోహెర్ట్జ్ పైన కూస్తాయి. 256 కిలోహెర్ట్జ్ వేగంతో నడిచే రికార్డర్‌కు అందులో సగం, 128 దాకానే నిజం. ఆ పైన వచ్చిన కూతను లోపలి ఫిల్టర్ ఆపితే అసలు కనబడదు, ఆపకపోతే మడతపడి కిందకు దిగుతుంది. 154 దగ్గర కూసింది 256 లోంచి పోగా 102 దగ్గర గీతై మెరుస్తుంది. అది సరిగ్గా మధ్యధరా ప్రాంతపు గుర్రపునాడా గబ్బిలం పలికే చోటు! కోలారు జిల్లా హనుమనహళ్ళి గుహలో తప్ప ఇంకెక్కడా జాడ దొరకని ఆకుముక్కు గబ్బిలం ఒకటుంది, అంతరించే అంచున ఉంది. దానికి తమరి సంచిలో జాతకమే లేదు. కాబట్టి ఇక్కడ 384 తగ్గకుండా రికార్డు చేయాలి, పట్టుకున్న గబ్బిలం చేతిలోంచి వదిలినప్పటి కూతలతో మన సొంత నమూనాల గది కట్టుకోవాలి. తమరి పని గుంపులు చేసిపెట్టడం వరకే. అన్నట్టు ఊరి మర్రిచెట్టుకు పగలంతా వేలాడే పెద్ద గబ్బిలాల గురించి తమరిని అడగం. వాటికి ప్రతిధ్వనితో పనిలేదు, కళ్ళూ ముక్కుతోనే తిరుగుతాయి. వెయ్యి ఉన్నా తమరి పట్టికలో సున్నా.

ఇంత మాట్లాడి తమరిని మానేస్తామా అంటే మానం. వేల ఫైళ్ళలో ఏవి ముందు చూడాలో చెప్పేవాళ్ళు తమరు తప్ప ఎవరున్నారు? అందుకని కొలువు కొనసాగించండి, కింది షరతులతో. కార్డు నుంచి తీసిన అసలు ఫైళ్ళను తమరు తాకకూడదు, ముక్కలు కోసేది నకళ్ళనే. పిపిస్ట్రెల్ అని తమరన్న ఫైళ్ళలో ఒక నమూనా, మిగతా జాతులన్నీ పూర్తిగా మనిషి కంటితో చూస్తాం. స్పెక్ట్రోగ్రామ్ 256 కిలోహెర్ట్జ్ ఫైలుకు 512 బిందువుల కిటికీతో, అంటే ఒకసారికి 512 కొలతల చొప్పున తెరిస్తే 500 హెర్ట్జ్ మెట్టు, 2 మిల్లీసెకన్ల తునక దొరుకుతుంది. ఆ తునక పొట్టి కూతకు కాస్త పెద్దదే, అప్పుడు కిటికీ తగ్గిస్తాం. మొదలు, చివర, బలమైన చోటు, కూత పొడవు, కూతకూ కూతకూ మధ్య ఎడం కొలుస్తాం. ఆ ఎడాలు కొలిచేటప్పుడు తమరి ‘కుదించిన చూపు’ మాకొద్దు, అందులో కూతలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి లయ మాయమైపోతుంది. చివరిగా పదింతలు నెమ్మదించి వింటాం. ఎంత చూసినా తేలకపోతే జాతి రాయం, ప్రజాతి రాసి ఊరుకుంటాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
మాన్యువల్ ఐడీ గడి నింపేవాళ్ళు

తా.క.: డిస్కు నిండిందని నాయిస్ ఫోల్డర్ చెరిపేయమని ఆఫీసులో ఆజ్ఞ వెలువడింది. 8 నుంచి 120 కిలోహెర్ట్జ్ మధ్య, 2 నుంచి 500 మిల్లీసెకన్ల పొడవున, కనీసం రెండు కూతలు లేనివన్నీ అందులో పడతాయి. ఒక్క కూత మాత్రమే మైకుకు అందిన పొడవు చెవుల గబ్బిలం కూడా అక్కడే ఉంటుంది. వందకు కొన్ని ఫైళ్ళ చొప్పున తెరిచి చూసేదాకా ఆగమని మేం చెప్పాం. తమరు కూడా ఒక మాట వేయండి, మా మాటకన్నా తమరి మాటకే అక్కడ విలువ ఎక్కువ.