పంచ్ కార్డు గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ 80 కాలమ్‌ల పంచ్ కార్డు గారికి,

ఒక్కో కాలమ్‌కి ఒక్కో అక్షరం చొప్పున కన్నాలు పొడిచి, పాతకాలం మెషీన్లకు పేర్లూ లెక్కలూ అందించిన అట్టముక్క తమరు. కాలం చేసి చాలా ఏళ్ళయిందని విన్నాను. అందుకే నిన్న బీమా ఆఫీసు కౌంటర్‌లో తమరి దర్శనం అవుతుందనుకోలేదు. నా పాలసీలో పేరు ‘వెంకట లక్ష్మీ నర’ అని ఉంది. ఆధార్‌లో ‘వెంకట లక్ష్మీ నరసింహ రావు’. ఇద్దరూ ఒకరేనని నోటరీ చేయించిన అఫిడవిట్ తెమ్మన్నారు. "సిస్టమ్‌లో ఇంతే పడుతుంది సార్" అట. ఇంగ్లీషు అక్షరాలు, మధ్య ఖాళీలు కలిపి లెక్కపెట్టాను. సరిగ్గా 20.

ఈ నరికే అలవాటు తమరిదే. 1928లో ఐబీఎం తమరిని 80 కాలమ్‌లతో తెచ్చిన దగ్గర్నుంచీ మనిషంటే వరసగా కొన్ని కన్నాలు. ఖాతా నంబరుకు ఇన్ని, పేరుకు ఇన్ని, ఊరికి ఇన్ని. జాన్ స్మిత్‌కి సరిపోయే ఉంటుంది. ఒకే పేరులో ముగ్గురు దేవుళ్ళను మోసేవాళ్ళం, మా సంగతేంటి? నరసింహంలో నరుణ్ణి ఉంచి సింహాన్ని కోసేశారు కదండీ!

పోనీ, ఉన్న 80 అయినా పూర్తిగా వాడారా? ఐబీఎం 704 అనే పాత కంప్యూటర్ కార్డు రీడరు 72 కాలమ్‌లే చదివేది. ఆ మెషీన్ ఒక్కసారికి పట్టే ముక్క, అంటే వర్డు, 36 బిట్లు; కార్డు మీద వరసకు రెండు వర్డులు, అంతే. మిగిలిన ఎనిమిదింట్లో వరస నంబర్లు వేసుకునేవారు, కట్ట చేజారి కార్డులు నేలపాలైతే మళ్ళీ పేర్చుకోవడానికి. 1959లో మొదలైన కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష రెండాకులు ఎక్కువ చదివింది: ముందు ఆరు కాలమ్‌లూ నంబర్లకే, చివరి ఎనిమిదినీ ప్రోగ్రామును మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ చూడనే చూడదు. చేజారడానికి కట్టలే లేని రోజుల్లోనూ ఆ ఎనిమిదీ దర్జాగా ఖాళీ. నా సింహానికి ఐదు చాలు! ఆ ఖాళీ ఉండేది ప్రోగ్రాము కార్డులో, పేర్లుండే డేటా కార్డు వేరు అని, మెయిన్‌ఫ్రేమ్ అనే ఆ పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసిన ఏ పెద్దాయనో అందుకుంటాడు. తెలుసండీ. కడుపు మండినవాడికి ఆ తేడా కనపడదు.

ఐబీఎం అక్షరాలకు నంబర్లిచ్చే ఎబ్సిడిక్ కోడ్‌లో ‘ఐ’కీ ‘జె’కీ మధ్య మీ కన్నాల పుణ్యాన మిగిలిన సందు గురించి ఇప్పుడు ఎత్తను. సంవత్సరానికి రెండంకెలే ఇచ్చిన పిసినారితనాన్నీ ఏమీ అనలేను. దానివల్లే, 2000 వస్తే కంప్యూటర్లు తికమకపడతాయన్న వైటూకే గోల వచ్చి, అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న మా పిన్ని కొడుకు విమానం ఎక్కాడు.

ఆ పాత ప్రోగ్రామర్ల మీద నాకు కోపం లేదు. ఐబీఎం 1401 అనే కంప్యూటర్ చిన్న మోడల్‌లో మెమరీ మొత్తం 1,400 అక్షరాలు. ప్రోగ్రామూ డేటా అందులోనే సర్దాలి. అందులోంచి ఒక మనిషి పేరుకు 20 ఇచ్చినవాడు దానకర్ణుడే.

మరి ఇప్పటివాళ్ళకేం రోగం? చుట్టాలు పంపే గుడ్ మార్నింగ్ పూలబొమ్మలన్నిటికీ నా ఫోనులో చోటుంది, నా పేరుకు వాళ్ళ దగ్గర లేదా? ఏటా యాప్ రంగు మారుస్తారు, వెనక పేరు పట్టే గడి, ఆ ఫీల్డు మాత్రం ముట్టుకోరు. ముట్టుకుంటే ఏది కూలుతుందో అని భయం, తెలిసినవాడేమో రిటైరయ్యాడు. 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నరంతటివాడు కోబాల్ వచ్చినవాళ్ళుంటే సాయానికి రండని అడగాల్సి వచ్చింది. అయినా బుద్ధి రాదు. నువ్వు పోయావు, నీ రీడరు పోయింది, నీ కొలత మాత్రం నా నెత్తిన ఎందుకుంది?

20ని 30 చేయడానికి ఎవరెవరి సంతకాలు కావాలో చెప్పు. వెంకటేశ్వరుడు, లక్ష్మి, నరసింహుడు, ముగ్గురి చేతా పెట్టించి తెస్తాను.