‘60+’ గారికి, చెరువు గట్టు నుంచి

మహారాజశ్రీ 60+ గారి దివ్యసముఖమునకు నమస్కరించి చేసుకునే విన్నపము.

ఉభయకుశలోపరి. మీరు క్షేమంగానే ఉన్నారు, పొద్దున లేవగానే చూశాను. నా రిమోట్ బొమ్మ పడవ డబ్బా మీద, పడవ పేరు కన్నా పెద్ద అంకెల్లో, వెనకాల మంటలు వేయించుకుని, చెక్కుచెదరకుండా మెరిసిపోతున్నారు. మీకు చుక్క నీరు తగల్లేదు. ఎలా తగులుతుంది? చెరువులోకి దిగేది పడవ, ఎండలో మాడేది నేను. మీరు అట్ట దిగరు కదా.

నిన్న మధ్యాహ్నం జరిగింది మీ చెవిన వేద్దామని కూర్చున్నాను. అంతకన్నా ముందు, మన పరిచయం ఎలా అయిందో గుర్తుచేయాలి. కోఠిలో అంగడి అబ్బాయి నన్ను అడిగింది ఒక్కటే: “స్పీడ్ ఎంత కావాలి సార్?” ఏ చెరువులో తిప్పుతారు, అక్కడ గాలెలా ఉంటుంది, గుర్రపుడెక్క ఎంత మేర పరుచుకుంది, నడిమధ్య ఆగిపోతే తెచ్చేవాళ్లున్నారా, ఇవేమీ అడగలేదు. పెళ్లిచూపుల్లో జీతం ఒక్కటే అడిగి లేచిపోయే పెద్దమనుషులుంటారే, అదే పద్ధతి. “మొదటి పడవ బాబూ, కొంచెం నెమ్మదస్తురాలైనా ఫర్వాలేదు” అని నేనంటే, మీ డబ్బాను కౌంటరు మీద నిలబెట్టి, వేలితో మిమ్మల్ని చూపించాడు. మీరు మంటల్లోంచి నవ్వారు.

పక్కనే ఇంకో డబ్బా ఉంది. దాని మీద 45 అని రాసుంది. ప్లస్ లేదు, మంటలు లేవు, ధర మీ ధరలో సగానికి కాస్త ఎక్కువ. “అది పిల్లల ఐటెం సార్” అన్నాడు అబ్బాయి. ఆ 45 గారితో మనకు మళ్లీ పనిపడుతుంది. గుర్తుంచుకోండి.

సరే, మొదట మీ ప్లస్ సంగతి తేల్చండి.

60 అంటే నాకు అర్థమవుతుంది. గంటకు 60 కిలోమీటర్లు. ప్లస్ ఏమిటి? 61 అనా, 90 అనా, దేవుడి దయ అనా? 1978 అక్టోబరు 8న ఆస్ట్రేలియాలో బ్లోవరింగ్ డ్యామ్ నీళ్ల మీద కెన్ వార్బీ అనే ఆయన గంటకు 511 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఇంటి పెరట్లో తన చేత్తో కట్టుకున్న పడవ. అందులో జెట్ ఇంజను, వైమానిక దళం వాళ్లు పాతసామానుగా వదిలించుకున్నది. ఆ రికార్డును ఇప్పటిదాకా ఎవరూ కొట్టలేదు. ఆయన 511 పక్కన ప్లస్ లేదు. ఎందుకంటే నీటి మీద రికార్డు కావాలంటే, కొలిచిన దూరాన్ని అటొకసారి ఇటొకసారి గంటలోపు దాటాలి, రెండు పరుగుల సగటు తీస్తారు. గాలివాటున ఒకసారి దూసుకుపోతే ఒప్పుకోరు. 1967 జనవరిలో ఇంగ్లండులో కానిస్టన్ సరస్సు మీద డొనాల్డ్ క్యాంప్‌బెల్ మొదటి పరుగులో గంటకు 297 మైళ్లు తీసి, తిరుగు పరుగులో ముక్కు గాల్లోకి లేచి పడవ వెనక్కి తిరగబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. తిరుగు పరుగు లేకపోతే లెక్కలోకి రాదు కనుకే ఆయన వెనుదిరిగాడు. అంకె అంటే అంత ఖరీదు ఉన్న చోటు అది. మరి తమరిని ఎక్కడ కొలిచారు? ఏ నీళ్లలో, ఏ బ్యాటరీతో, ఎన్నిసార్లు? డబ్బా ఆరువైపులా తిప్పి చూశాను. చెప్పలేదు.

చెప్పకపోయినా మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు దొరికాయి లెండి. మోటారు మీద 2000 కేవీ అని ఉంది. అంటే వోల్టుకు నిమిషానికి 2000 చుట్లు. డబ్బాలో బ్యాటరీ లేదు. (అదీ మీ మర్యాదే. చార్జరూ లేదు. “రెడీ” అన్న మాట మాత్రం నాలుగుచోట్ల ఉంది.) నేను కొన్న త్రీ ఎస్ లైపో, అంటే మూడు సెల్లుల లిథియం బ్యాటరీ, 11.1 వోల్టులు. గుణిస్తే 22,200 చుట్లు. ప్రొపెల్లరు వ్యాసం 35 మిల్లీమీటర్లు, పిచ్ దానికి 1.4 రెట్లు, అంటే ఒక్క చుట్టుకు 49 మిల్లీమీటర్లు ముందుకు. ఈ మొత్తాన్ని గంటకు తిప్పండి: 65 కిలోమీటర్లు చిల్లర. అదిగో, దొరికారు! అరవై, దాని మీద ప్లస్. మోటారుకు బరువే లేకుండా, ప్రొపెల్లరు నీళ్లలో ఒక్క పిసరు జారకుండా తిరిగితే వచ్చే వేగం. అంటే పడవ చెరువులో కాకుండా కాలిక్యులేటర్‌లో తిరగాలి. మా బామ్మర్ది పడవ మూత కింద చిన్న జీపీఎస్ మీటరు అతికించి పెడితే 47 చూపించింది. “బావా, మిగతాది డబ్బాలోనే ఉండిపోయినట్టుంది” అన్నాడు. వాడు నా పక్షమో మీ పక్షమో నాకు ఇప్పటికీ తెలియదు.

పోనీ, మీరు నిజంగానే అరవై అనుకుందాం. అరవై అంటే సెకనుకు పదహారు మీటర్ల పైచిలుకు. మా చెరువులో గుర్రపుడెక్క లేకుండా మిగిలిన నీళ్లు అటూ ఇటూ వంద గజాలు. ఆరు సెకన్లకు ముందే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. ఆ ఆరులోనే పడవ వేగం పుంజుకోవాలి, మలుపు కోసం తగ్గాలి, అమ్మవారి గుడి మెట్ల మీద బట్టలు ఉతుకుతున్నవాళ్లను తప్పించాలి. ఇంతకూ మీరు కనిపించేది ఎక్కడండీ?

ఇక నిన్నటి సంగతి.

మీ పడవ రెండు పొట్టల క్యాటమరాన్. రెంటికీ మధ్య గాలి దూరి పడవను పైకెత్తుతుంది, నీటి రాపిడి తగ్గుతుంది, అందుకే వేగం. ఇదంతా డబ్బా మీద బొమ్మ గీసి మరీ రాశారు, ధన్యవాదాలు. ఎదురుగాలి ఒక్క విసురు విసిరితే అదే గాలి ముక్కు కింద చేరి పడవను గాల్లో మొగ్గ వేయిస్తుందన్న రెండో బొమ్మ మాత్రం గీయలేదు. నిన్న ఆ గాలే గీసి చూపించింది. నేను నిండుగా నొక్కాను, అలుగు వైపు నుంచి గాలి కొట్టింది, పడవ లేచింది, తిరిగింది, పడింది. నడి చెరువులో. వెల్లకిలా.

క్యాటమరాన్ గొప్పతనమంతా అప్పుడు తెలిసింది. నిటారుగా ఎంత నిలకడో తలకిందులుగానూ అంతే నిలకడ. కదలదు, దొర్లదు. లోపల నురగ ముక్కలు కుక్కి ఉండటాన మునగదు కూడా. మునిగినా ఓ దండం పెట్టి ఇంటికి పోయేవాణ్ణి.

కారు బొమ్మ ఆగిపోతే నడిచివెళ్లి తెచ్చుకుంటాం. విమానం బొమ్మ కూలినా నేల మీదే కూలుతుంది. పడవ ఒక్కటే కళ్లెదుట కనిపిస్తూ చేతికి అందదు. గాలి ఇటు తిరుగుతుందేమోనని బతుకమ్మ మెట్ల మీద కూర్చున్నాను. గాలి తుంగ వైపు తిరిగింది. లేచి అటు నడిచాను. నేను అక్కడికి చేరేసరికి గాలి అలుగు వైపు మళ్లింది. గాలం వేసుకునే పెద్దాయన ఒకరు జాలిపడి, దారానికి టెన్నిస్ బంతి కట్టి విసిరారు. బంతి సగం దూరం పోలేదు. “బరువు చాల్తలేదు” అని బంతికి బోల్టు కట్టి విసిరారు. ఈసారి బంతి మునిగింది. థర్మాకోల్ తెప్ప మీద తిరిగే చేపలాయన్ను బతిమాలాను. “వలలేసినం సార్, పొద్దుగూకినంక తీస్తం. అప్పటిదాంక ఆగుండ్రి” అన్నాడు. ఆగాను. ఏం చేయను? రిమోట్ చేతిలో ఉంది, అది నొక్కితే ప్రొపెల్లరు ఆకాశంలో తిరుగుతోంది. గట్టు మీద వాకింగుకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆగి, చెరువు వైపు చూసి, నా చేతిలో రిమోట్ చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయారు. ఆ అడక్కపోవడం ఉంది చూశారూ!

అప్పుడొచ్చింది ఒక పాప, వాళ్ల తాతతో. చేతిలో 45 గారు.

పాపకు నెమ్మదిగా నడపడం తెలియదు. మలుపు మలుపుకీ పడవను బోర్లా కొట్టింది. కొట్టిన ప్రతిసారీ అది దొర్లి లేచి కూర్చుంది. మంత్రం ఏమీ లేదు. పడవ ఒక పక్కన ఖాళీ కాలువ ఉంటుంది. బోర్లా పడగానే అందులోకి నీళ్లు చేరతాయి, బరువు ఒక వైపుకు మొగ్గుతుంది, పడవ తిరగబడుతుంది, లేచాక నీళ్లు కారిపోతాయి. మీ డబ్బా మీద ఉండాల్సింది ఆ కాలువ. ఉన్నది మంటలు.

కాసేపు చూసి పాప నా దగ్గరికి వచ్చింది. “మీది లేస్తలేదేంది అంకుల్?”

ఏం చెప్పమంటావయ్యా నన్ను? చెప్పు! 60+ అని చెప్పనా? ఇది గొప్పింటి పడవ పాపా, ఒకసారి పడుకుంటే ఎవరైనా వచ్చి లేపాలి అని చెప్పనా? ఆ డబ్బా మీద నీకున్న చోటులో పదో వంతు, “ఇది బోల్తా పడితే తనంతట లేవదు” అన్న ఐదు ముక్కలకు ఇస్తే నీ సొమ్మేం పోయేది? రాశారు లే. పుస్తకం చివర, చీమతలకాయంత అక్షరాల్లో, ఎనిమిది భాషల్లో “నీటి వద్ద తోడు లేకుండా నడపరాదు” అని రాశారు. తోడంటే ఎవరు? ఈతగాడా? నేవీయా? యాభై దాటని దానివి నీకు అరవై ఎందుకు, మళ్లీ దానికి తోకెందుకు?

క్షమించాలి. మళ్లీ మీరు అనే అంటాను.

మీ పడవను చివరికి ఒడ్డుకు చేర్చింది ఎవరనుకున్నారు? 45 గారే. పాప తన పడవ ముక్కును మీ పడవ పక్కకు ఆనించి, తాత “మెల్లగ బిడ్డా, మెల్లగ” అంటూ ఉంటే, ఒక్కో జానెడు తోసుకుంటూ తెచ్చింది. తేవడానికి పట్టినంతసేపూ గాలం పెద్దాయన కామెంటరీ చెప్పాడు. అది ఇక్కడ రాయను.

మిగతా చిల్లర ఫిర్యాదులు మీ మీద కాదు, మీ బంధువుల మీద. గంటసేపు చార్జింగు, నిండుగా నొక్కితే ఐదారు నిమిషాల ఆట. చార్జింగు ఇంట్లో వద్దని మా ఆవిడ లైపోను పెరట్లో మట్టి కుండలో పెట్టించింది, ఈ ఒక్క విషయంలో ఆవిడదే న్యాయం. చుక్కానికి ఉన్న సూదిరంధ్రంలోంచే మోటారును చల్లబరిచే నీళ్లు పోవాలట, నాచు పీచు ఒక్కటి అడ్డుపడితే లోపలంతా కమురు వాసన. తిప్పి వచ్చిన ప్రతిసారీ ఫ్లెక్స్ షాఫ్టు, అదే మోటారు నుంచి ప్రొపెల్లరును తిప్పే వంగే తీగ, బయటికి లాగి తుడిచి గ్రీజు పెట్టాలి, లేకపోతే తుప్పు. ఇక కస్టమ్స్ వారు బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. నా పర్సు మీద ఎంత కోపం చూపించినా, ఒక్క మాట మాత్రం వాళ్లను మెచ్చుకోవాలి: 70 అంటే 70. ప్లస్ పెట్టలేదు.

ఇంకొకటి చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది. ఎదురుగాలి రాకముందు ఒక్క పరుగు. పడవ నీళ్ల మీదికి లేచి, వెనక నీళ్లు తోకలా ఎగసి, మోటారు సన్నగా కీచుమంటూ గట్టు పొడుగునా వెళ్లిపోయినప్పుడు కొంగలు కూడా మెడ తిప్పి చూశాయి. అది 47 అని అప్పటికి నాకు తెలియదు. తెలిసినా తక్కువనిపించేది కాదు. అదే కదా నా బాధ! 47 అని ఉన్నదున్నట్టు అచ్చు వేసినా ఆ పరుగు చూస్తే నేను కొనేవాణ్ణే. ఆ మంటలు ఎవరి కోసం వేశారు?

కనుక తమరికి నా విన్నపం చిన్నది. డబ్బా మీద మీరు ఉండండి, మంటలూ ఉంచుకోండి. మీ పక్కనే, మీ అంత సైజులో, ఇంకో అంకె కూడా అచ్చు వేయించండి: నడి చెరువులో బోల్తా పడ్డాక ఒడ్డుకు చేరడానికి పట్టే గంటలు. దానికి ప్లస్ పెట్టుకుంటే మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
బతుకమ్మ మెట్ల మీది కెప్టెన్