తిండి మినహా అంతా నిలకడే

2024 జులైలో పార్లమెంటు ముందుకొచ్చిన ఆర్థిక సర్వే ఒక సలహా ఇచ్చింది. ద్రవ్యోల్బణానికి లక్ష్యం పెట్టుకునేటప్పుడు తిండి ధరలను పక్కన పెట్టే సంగతి ఆలోచించమంది. వానల్లేక పెరిగిన కూరగాయల ధర వడ్డీ పెంచితే దిగదు కదా అని దాని వాదన. నిజమే, రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీది వడ్డీకి, టమాటా కాయదు. పేదలు ఇబ్బంది పడితే నగదు బదిలీయో కూపన్లో ఇవ్వొచ్చని కూడా రాశారు.

మేధావులకు ఇప్పుడు తట్టిన ఈ సంస్కరణను మన వంటిళ్లు ఎప్పుడో అమల్లో పెట్టేశాయి. 2023 జులై చివర్లో మదనపల్లె యార్డులోనే టమాటా కిలో 200 అంచుకు చేరినప్పుడు, మా చారు టమాటాను మినహాయించి చింతపండుతో ముందుకు సాగింది. కందిపప్పు వంతు వచ్చినప్పుడు పప్పు సగమై, నీళ్లు రెట్టింపయ్యాయి. గిన్నెలో మట్టం మాత్రం చెక్కుచెదరలేదు, దీన్నే ధరల స్థిరత్వం అంటారనుకుంటాను. 2024 సెప్టెంబరులో, దసరా ముంగిట, ముడి వంటనూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. పునుగులు మానేశాం. గుండెకు మంచిదట.

మా హైదరాబాద్‌లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనిషికి రోజూ కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులో గుడ్లో మాంసమో 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు కావాలని వాళ్ల లెక్క. నలుగురున్న ఇంటికి కూరగాయలే రోజుకు కిలోన్నర పైచిలుకు! కొసరు కరివేపాకును కాడలతో సహా తూచినా అంత తూగదు. పరిశోధకులు ఓసారి సంచీ పట్టుకుని రైతుబజారుకు వస్తే బాగుండు.

బియ్యానికి మాత్రం లోటు లేదు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం. కాబట్టి కడుపు నిండుతోంది, ఆకలి లేనట్టే. కడుపు నిండినా రక్తం ఎందుకు పట్టదన్నది వేరే శాఖ ఫైలు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రాష్ట్రం విడిపోయినా ఈ ఒక్క విషయంలో ఉమ్మడిగానే ఉన్నాం.

మా ఇంటావిడ సంగతే తీసుకోండి. ధరలు పెరిగిన నెలల్లో ఆవిడకు భక్తి కూడా పెరుగుతుంది. శనివారం ఒక్కపొద్దుకు సోమవారం తోడవుతుంది. గుడ్డు ఆవిడకు పడదు, పాలు అరగవు. గుడ్డు ధర దిగిన వారం ఎందుకో పడుతుంది. వైద్యశాస్త్రం దీన్ని పరిశీలించాలి. అందరి భోజనాలూ అయ్యాక గిన్నె అడుగున మిగిలిన చారు పోసుకుని, ‘నాకిదే ఇష్టం’ అంటుంది. మేం నమ్ముతాం, నమ్మడం మాకు చవక.

2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఆడమనిషే. అంటే లెక్కలోంచి ఎవరిని మినహాయించాలో తేల్చే అధికారమూ ఆవిడదే. ఆవిడ తన పేరే కొట్టేసుకుంది. స్వయంప్రతిపత్తి గల సంస్థల నిర్ణయాల్లో తలదూర్చకూడదు గనక, మేం ముగ్గురం మారు వడ్డించుకున్నాం.