పుర్రె తెరవకముందే చూడాల్సింది

2008లో ఇంగ్లండ్‌లోని యార్క్ శివారు హెస్లింగ్టన్ తవ్వకాల్లో, నీరు ఊరే బంకమట్టిలో ఒక పుర్రె దొరికింది. ఇనుప యుగపు మనిషిది. చర్మం లేదు, వెంట్రుక లేదు. మెదడు మాత్రం కుంచించుకుపోయి, పసుపు రంగు ముద్దగా లోపలే ఉంది. దాని వయసు దాదాపు 2,500 ఏళ్లు!

చనిపోయాక తొందరగా చెడిపోయే అవయవాల్లో మెదడు ఒకటని ఫోరెన్సిక్ పాఠాలు చెబుతాయి. అది అబద్ధం కాదు. రక్తం ఆగాక కణాల్లోని ఎంజైములే ఆ కణాలను కరిగించడం మొదలుపెడతాయి. మన వేసవిలో కొద్ది రోజులకే అది బూడిద రంగు జావలా మారిపోతుంది. అయినా అన్నిచోట్లా అలా జరగదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు అలెగ్జాండ్రా మోర్టన్-హేవార్డ్ బృందం 2024లో ప్రకటించిన జాబితాలో నిలిచిన మెదళ్లు 4,400కు పైగా ఉన్నాయి. కొన్ని 12,000 ఏళ్ల నాటివి. ఎండిపోవడం, మంచులో గడ్డకట్టడం, కొవ్వు సబ్బులా మారడం వంటి కారణాలు చాలావాటికి సరిపోయాయి. కానీ 1,300కు పైగా మెదళ్లు, పక్కన మరే మెత్తని కణజాలమూ మిగలకుండా, ఎముకల మధ్య ఒంటరిగా నిలిచాయి. ప్రోటీన్లు, కొవ్వులు ఇనుము, రాగి వంటి లోహాలతో ముడిపడి గట్టిపడ్డాయేమోనని ఆ బృందం అంచనా.

నన్ను పట్టి ఆపింది ఇక్కడే. మెదడు గతిని గంటలు, రోజులు మాత్రమే తేల్చవు. మట్టి, నీరు, గాలి, వేడి కూడా తేలుస్తాయి. అందుకే శవ పంచనామాలో ఒంటిమీది గాయాలతోపాటు నేల తడి, నీటి లోతు, ఆ పూట ఉష్ణోగ్రత కూడా రాసి తీరాలి. అవి లేకుండా చనిపోయిన సమయం చెప్పడమంటే గుడ్డిగా బాణం వేయడమే.

రిపోర్టులో 'మెదడు కుళ్లిపోయింది' అన్న ఒక్క ముక్కతో విషయం ముగిసిపోకూడదు. మెదడు జావైనా, దాని పైపొర కింద గడ్డకట్టిన రక్తం ఒక్కోసారి ఆనవాలుగా మిగులుతుంది. పుర్రె తెరిచామా, జావ జారి ఏది ఎక్కడుందో చెరిగిపోతుంది. తెరవకముందే సీటీ స్కాన్ తీస్తే రక్తం ఉన్న చోటు చిత్రంలో నిలిచిపోయే వీలుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021 నుంచి ఇలాంటి వర్చువల్ పోస్టుమార్టం జరుగుతోంది. జిల్లా ఆసుపత్రుల్లో సీటీ యంత్రం ముందు బతికున్నవారి వరుసే పెద్దదని తెలుసు. కనీసం తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉండి, శవం కుళ్లిన కేసుల్లోనైనా రాత్రిపూట ఆ యంత్రాన్ని మార్చురీకి వదలాలి. కొట్టి చంపారా, కాలు జారి పడ్డాడా అని బయట చెట్టుకింద కూర్చున్న ఇంటివాళ్లు అడిగేది ఆ రక్తపు గడ్డ గురించే.