చలివేంద్రం ఫ్లెక్సీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి దివ్య సముఖమునకు,

మీ నీడన నిలబడి, నాలుక పిడచకట్టుకుపోయిన ఓ దారినపోయే దానయ్య నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి అందామంటే కుదరట్లేదు. మీరు క్షేమమని బైపాస్ దాకా కనిపిస్తూనే ఉంది. ఇక్కడ కుండే ఎండిపోయింది.

ఉగాది వెళ్లీ వెళ్లగానే మా సెంటర్‌లో వెలిశారు. మధ్యలో చేతులు జోడించిన వార్డు అన్న, చుట్టూ పాస్‌పోర్టు సైజులో ఇరవై మంది తమ్ముళ్లు. కింద ‘అపర భగీరథుడు’ అని బిరుదు. ఆ భగీరథుడు గంగను తెచ్చాడు, ఈయన రెండు మట్టికుండలు తెచ్చాడు. సరే, ఈ ఎండల్లో అదీ గొప్పే. రిబ్బన్ కత్తిరించిన రోజు మజ్జిగ ప్యాకెట్లు కూడా పంచారు. ఓ ముసలాయన పంటితో ప్యాకెట్ చింపుకుంటుంటే, "తాతా, ఒక్క నిమిషం" అని వెనక్కి తీసుకుని, ఫోన్ వైపు తిప్పి మళ్లీ ఇచ్చారు. ఫొటోలో ఆయన మురిసిపోతున్నట్టు పడింది. నిజానికి నోట్లో ఇరుక్కున్న ప్లాస్టిక్ ముక్క ఉమ్ముతున్నాడు.

మీదేముంది, ఒకసారి కట్టేస్తే నిలబడతారు. కుండతో అలా కాదు. కింద ఇసుక పోసి తడపాలి, చుట్టూ గోనెపట్టా చుట్టి నీళ్లు చల్లుతూ ఉండాలి. మట్టిలోంచి ఊరిన చెమ్మ ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడేది. రోజూ కడక్కపోతే పాచి పడుతుంది. వడగాడ్పు రోజున పదకొండింటికి నింపితే రెండింటికల్లా అడుగంటుతుంది. ఇంత చాకిరీలో ఫొటోకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. గొలుసేసి కట్టిన ఆ స్టీలు గ్లాసు తప్ప. (జనానికి నీళ్లివ్వచ్చు గానీ గ్లాసు అప్పగించకూడదని మీవాళ్ల ఉద్దేశం.)

ఈ చాకిరీ మూడో రోజు నుంచి మీ వెనక కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడ మీద పడింది. ఎవరూ అడగలేదు, ఆవిడా ఎవర్నీ అడగలేదు. సొంత డబ్బులతో క్యాన్ తెప్పించి పోస్తుంది. చెత్తబండి అమ్మాయి వచ్చినా, డెలివరీ కుర్రాడు వచ్చినా మిషన్ ఆపి లేస్తుంది. దోసిలి పడితే చెంబుతో సన్నగా ధార కట్టి, "మెల్లగా తాగయ్యా, పొలమారుతుంది" అంటుంది. ఈ వారం చెల్లెలి పెళ్లికి ఊరెళ్లింది. కుండ ఎండింది అందుకే. మీ మీదున్న ఇరవై ఒక్క మందిలో ఒక్కరికీ ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఫొటోల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. గోదావరి జిల్లా లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారని ఉండేవారు, 1909లో పోయారు. ఏ వేళప్పుడు తలుపు తట్టినా అన్నం పెట్టేవారు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకకి పిలుపొచ్చినా వెళ్లలేదనీ, చివరికి ఫొటో తీయించుకోవడానికి కూడా ఆవిణ్ణి బతిమాలాల్సి వచ్చిందనీ చెప్పుకుంటారు. మీ దగ్గర మజ్జిగే ఫొటో కోసం ఆగింది.

మీరు గట్టివారే లెండి. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధమన్నప్పుడు మీ వంశం అంతరించిందనుకున్నాం. ఆ నిషేధం ఏమైందో గానీ, మీరు మాత్రం చిరంజీవులు.

విన్నపం ఒకటే. వచ్చే వేసవికి ఆ తమ్ముళ్లలో ఓ పదిమందిని తగ్గించి, ఆ జాగాలో ఒక్క ఫోన్ నంబర్ వేయించండి, కుండ ఎండితే ఎవరికి చెప్పాలో తెలుస్తుంది. ఇక తొలకరి పడి మిమ్మల్ని దించాక ఎక్కడికి పోవాలా అని టెన్షన్ వద్దు. ఇస్త్రీ బండాయన ఇప్పుడే చెప్పి పెట్టుకున్నాడు, బట్టలు తడవకుండా కప్పుకుంటాడట. అన్న ముఖం పైకి రావాలా, లోపలికి రావాలా అన్నది మాత్రం ఆయన ఇష్టం.

ఇట్లు,
దాహంతో,
మీ సెంటర్ పాదచారి